తొమ్మిదో పేరాకి చిక్కిన పన్ను

పొట్నూరు గవర్రాజు గారికి గర్వపడదగినవి రెండే రెండు ఉండేవి. ఒకటి ఆయన రాసే ఆఫీసు ఉత్తర్వు, రెండోది ఆయన కుడి దవడ కింది పన్ను. మొదటిదాని గొప్ప ఆయనే ఊరందరికీ చెప్పుకునేవాడు. రెండోదాని గొప్ప చేగోడీలకీ, జంతికలకీ, నాటుకోడి ఎముకలకీ తెలుసు.

ఆ పన్ను ముప్ఫయ్యొక్క ఏళ్ళ కిందట పుచ్చింది. అప్పుడాయన దంతారోగ్య ప్రాంతీయ కార్యాలయంలో కొత్తగా చేరిన గుమాస్తా. మేడ మీద ఆఫీసు, కింద పళ్ళ ఆసుపత్రి. చేరిన వారానికే కిందకి దిగి నోరు తెరిస్తే, అప్పటి డాక్టరు గారు పుచ్చంతా గోకి, వెండిపొడీ పాదరసమూ కలిపి నూరిన ముద్దని అందులో కూరి, "ఇంక దీని జోలికి ఎవరూ రానక్కర్లేదు" అన్నారు. నిజంగానే ఎవరూ రాలేదు. గుమాస్తా సూపరింటెండెంటు అయ్యాడు, నెత్తిమీద జుట్టు పోయింది, ఆఫీసు పైకప్పు రెండుసార్లు కారింది. ఆ పన్ను మాత్రం అలాగే ఉంది.

ఉత్తర్వుల విషయంలోనూ ఆయన సిద్ధాంతం అదే. "ఆర్డరంటే పూడ్చిన పన్నులా ఉండాలయ్యా. గాలి కూడా దూరకూడదు" అనేవాడు. కుర్చీలు ఆఫీసు దాటి పోకూడదని ఒకప్పుడు ఆయన రాసిన ఉత్తర్వు ఎంత గట్టిదంటే, కాలు విరిగిన కుర్చీ ఒకటి ఇరవయ్యేళ్ళుగా ఆయన వెనకాలే గోడకి ఆనుకుని ఉంది. దాన్ని బయట పారేయడానికి ఆ ఉత్తర్వులో దారి లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయన ఆ కుర్చీని చూపించి మురిసిపోయేవాడు.

ఇలా ఉండగా, ఇంకో అయిదు నెలల్లో పదవీ విరమణ అనగా, రాజధానిలోని పెద్దాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. అందులో ఉన్నది ఒక్కటే వాక్యం. ఇకమీదట కొత్తగా పూడ్చే పళ్ళకి పాదరసం లేని పదార్థాలు వాడడాన్ని ప్రోత్సహించగలరు. అంతే. ఎవరికీ అభ్యంతరం లేని మాట, ఎవరికీ నొప్పి పుట్టని మాట.

కానీ ఆ కాగితం వచ్చిన రోజునే డైరెక్టరు చక్రధర్ గారు ఏదో కొండమీది హోటల్లో పర్యావరణం గురించి మూడు రోజుల సదస్సు ముగించుకుని దిగారు. చేతిలో జనపనార సంచీ, కళ్ళలో వెలుగు.

"గవర్రాజు గారూ, ప్రోత్సహించడమనేది బలహీనుల పరిభాష. మనం సమగ్ర నిర్మూలన దిశగా అడుగులు వేయాలి. రాష్ట్రంలోనే మొట్టమొదటి సంపూర్ణ పాదరస రహిత కార్యాలయంగా మనం ఆవిర్భవించాలి. మీ కలానికి పదును పెట్టండి" అన్నారు.

కలానికి పదును పెట్టమని ఆయన్ని అడిగినవాళ్ళు పదేళ్ళుగా లేరు. గవర్రాజు గారు తలుపు వేసుకుని మూడు రోజులు రాశాడు. నాలుగో రోజుకి ఒక వాక్యం పద్నాలుగు పేరాలైంది. అందులో ఆయనకి ముద్దొచ్చినవి రెండు. తొమ్మిదో పేరా: "కార్యాలయ ప్రాంగణమునందు పాదరసము ఏ రూపమునను, ఏ పాత్రయందునను, ఎవరి ఆధీనమునందునను, ఎట్టి పరిస్థితులయందునను ఉండరాదు." పదకొండో పేరా: "పాదరసమునకు సంబంధించిన సమస్తమును, మినహాయింపు లేకుండ, నీలిరంగు డ్రమ్మునందుంచి, ప్రతిదినము సాయంకాలము సీలు వేయవలెను. పెద్దాఫీసు వ్రాతపూర్వక అనుమతి లేనిదే అందుండి దేనినీ వెలికి తీయరాదు."

ఇంటికెళ్ళి భార్య వరహాలమ్మకి చదివి వినిపించాడు కూడా. ఆవిడ చేగోడీలు వేయిస్తూ, "అంతా బానే ఉంది గానీ, ఎవులికేటి కష్టవొస్తాదో సూసుకున్నారా?" అంది.

"కష్టం రాకపోతే దాన్ని ఆర్డరని ఎందుకంటారు?" అని ఆయన వేడి చేగోడీ ఒకటి తీసుకుని, ఆ దవడ పన్ను మీద పెట్టి ఫటుక్కున కొరికాడు. తర్వాత చాలాసార్లు ఆయనకి ఆ చప్పుడు గుర్తొచ్చింది.

మొదటి వారంలో జ్వరం చూసే గాజు గొట్టాలు, రక్తపోటు చూసే పాత పెట్టెలు డ్రమ్ములోకి వెళ్ళాయి. రెండో వారంలో డైరెక్టరు గారు ఎక్కడో చదివి, ట్యూబులైట్లలో కూడా ఆవిరి రూపంలో పాదరసం ఉంటుందన్నారు. అవీ దిగాయి. వాటి బదులు కొత్త దీపాల కోసం రాసిన కాగితం ఆ చీకట్లో ఎక్కడో పోయింది. అందరూ బల్లలు కిటికీల దగ్గరికి జరుపుకున్నారు.

మూడో వారంలో సీనియర్ అసిస్టెంటు భ్రమరాంబ గారి వంతు వచ్చింది. ఆవిడ సొరుగులో, పసుపు గుడ్డలో, బొటనవేలంత పాదరస లింగం ఉండేది. పన్నెండేళ్ళుగా రోజూ దానికి దణ్ణం పెట్టుకునే ఫైలు ముట్టుకునేది.

"ఇది దేవుడండీ" అందావిడ.

"దేవుడు కాదని నేననడం లేదమ్మా. తొమ్మిదో పేరా చదవండి, ఏ రూపమునను" అన్నాడు గవర్రాజు గారు. లింగాన్ని ఆవిడే కళ్ళకద్దుకుని డ్రమ్ములో దింపింది. ఆయన రసీదు రాసిచ్చాడు: లింగము ఒకటి, స్థితి బాగున్నది. తన సమయస్ఫూర్తికి తనే పొంగిపోయి నోరారా నవ్వాడు కూడా. అదే ఆయన చేసిన తప్పు. కిటికీలోంచి పడుతున్న ఎండ నేరుగా ఆ నోట్లోకి పోయింది. భ్రమరాంబ గారు రసీదు మడిచి దాచుకుంటూ, ఆ నోట్లోకి కాస్త ఎక్కువసేపే చూసింది.

కింద ఆసుపత్రిలో డాక్టరు షమీమ్ గారి బాధ వేరు. ఆవిడ ఒకరోజు మెట్లెక్కి వచ్చి, "సార్, పాదరసం ఆపడం మంచిదే, నేనూ ఎప్పట్నుంచో అడుగుతున్నాను. కానీ దాని బదులు పెట్టే తెల్ల మందేదండీ? అయిదు వారాలైంది కాగితం పైకి పంపి" అంది.

ఆ కాగితం గవర్రాజు గారి దగ్గరే ఉంది. తెల్ల మందులో పాదరసం లేదని కంపెనీ ధ్రువపత్రం పంపింది. అయితే ఆరో పేరా ప్రకారం ఆ ధ్రువపత్రం నిజమైనదేనని ప్రయోగశాల ఇంకో ధ్రువపత్రం ఇవ్వాలి. దాన్ని ముగ్గురు సభ్యుల సంఘం ఆమోదించాలి. ఆ ముగ్గురిలో ఒకరు రిటైరైపోయారు, ఒకరి పోస్టు ఖాళీ. మూడో సభ్యుడు గవర్రాజు గారు. ఆయన మూడుసార్లు ఒక్కడే సమావేశమై, తగినంత మంది సభ్యులు లేనందున మూడుసార్లూ వాయిదా వేశాడు.

"మరి వచ్చినవాళ్ళకి ఏం చెయ్యమంటారు? చిన్న చిన్న పుచ్చులండీ, గంటలో పూడ్చేవి" అంది డాక్టరు.

ఆ మాట డైరెక్టరు గారి చెవిన పడింది. ఆయన ఆలోచించి, "పన్ను తీసివేయుట కూడా పాదరస రహిత చికిత్సయే కదా!" అన్నారు.

కాదనడానికి ఎవరి దగ్గరా కాగితం లేదు. ఆ నెల నివేదికలో, పాదరసం లేకుండా చికిత్స పొందినవారు రెండు వందల పన్నెండు మంది అని వెళ్ళింది. ఎంతమంది పళ్ళతో ఇంటికెళ్ళారో రాయడానికి ఆ నివేదికలో గడి లేదు. గ్రాఫులో గీత మాత్రం పైకి పోయింది. డైరెక్టరు గారు ఆ గీతని చట్రం కట్టించి గోడకి పెట్టించారు. ఆ నివేదిక పెద్దాఫీసుకి ఎంత నచ్చిందంటే, వచ్చే నెల ఏడో తారీకున స్వయంగా తనిఖీకి వస్తామని కబురు పెట్టారు.

తనిఖీ ముందు సిబ్బంది సమావేశం జరిగింది. అందులో భ్రమరాంబ గారు లేచి నిలబడి, చాలా వినయంగా, "సార్, తొమ్మిదో పేరాలో ఏ పాత్రయందునను అని ఉంది. నోరు కూడా పాత్రే అవుతుందా అని నాదొక చిన్న సందేహం" అంది.

"ఎవరి నోరు?" అన్నారు డైరెక్టరు గారు.

ఆవిడ పేరు చెప్పలేదు. చెయ్యి కూడా చూపించలేదు. అయినా అందరూ గవర్రాజు గారి వైపే తిరిగారు. ఆయన నోరు గట్టిగా మూసుకున్నాడు. దాంతో మిగతా అనుమానం కూడా తీరిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఆయన తన ఉత్తర్వుని తనే తిరగేశాడు, దొంగ తన ఇంటి తాళం తనే విప్పలేక కూర్చున్నట్టు. నోరు ప్రాంగణంలో లేదందామా అంటే, నోరు ఆయనతోనే వస్తుంది. ఆధీనం లేదందామా అంటే, రోజూ ఆ పన్నుతోనే నములుతున్నాడు. పోనీ గేటు బయట టీ దుకాణం దగ్గర కూర్చుని ఫైళ్ళు చూద్దామంటే, రెండో పేరాలో ప్రాంగణమంటే గేటు నుంచి యాభై మీటర్ల వరకు అని నిర్వచించింది తనే. టీ దుకాణం నలభై మీటర్లలో ఉంది. ఆయనకి ఏడుపు వచ్చింది. దాని వెనకాలే, నిజం చెప్పాలంటే, కాస్త గర్వం కూడా వచ్చింది. ఎంత బాగా రాశాను! అనుకున్నాడు. అనుకుని, ఇలా అనుకున్నందుకు తనని చెప్పుతో కొట్టాలని కూడా అనుకున్నాడు.

"చూడండి గవర్రాజు గారూ, మీ వ్యక్తిగత దంతం పట్ల నాకు అపార గౌరవముంది. కానీ నియమం రాసినవారే నియమానికి మినహాయింపైతే వ్యవస్థ మనుగడ ఏమి? ఏడో తారీకు నాటికి పాదరసం లేదన్న ధ్రువపత్రం నా బల్ల మీద ఉండాలి. లేనిచో మీ పెన్షను కాగితాలపై సంతకం చేయుటకు నా చేయి రాదు" అన్నారు డైరెక్టరు గారు.

గవర్రాజు గారు కిందకి దిగి, డాక్టరు ముందు నోరు తెరిచాడు. ఆవిడ అద్దం పెట్టి చూసి, "ఎవరు చేశారండీ ఇది? ఎంత శుభ్రంగా ఉందో! ముప్ఫయ్యేళ్ళు పన్నుని కాపాడింది. బాగున్నదాన్ని కదపకూడదు సార్. కదిపితేనే ఆవిరి లేస్తుంది. ఉంచుకోవడమే మేలు. ఈ ముక్క పెద్దాఫీసుకి రాసి స్పష్టత అడగండి" అంది.

ఆయన ఆ రోజే రాశాడు. ఎన్నడూ లేనిది, ఒక్క పేజీలో రాశాడు. ఉన్న పూతలు తీయాలా అక్కర్లేదా, తెల్ల మందు తొందరగా కొనుక్కోవచ్చా, ఈ రెండే అడిగాడు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. రోజూ ఉదయం అటెండరు ఎర్రయ్యని, "పెద్దాఫీసు నుంచి ఉత్తరమేమైనా వచ్చిందా?" అని అడిగేవాడు. "మీ బల్ల మీద పెట్టాల్సినియ్యేటీ రాలేదండి" అనేవాడు ఎర్రయ్య.

ఆరో తారీకు వచ్చేసింది. గవర్రాజు గారు మళ్ళీ కిందకి దిగి, "పాతది తీసి తెల్లది పెట్టండమ్మా" అన్నాడు.

"తెల్ల మందు లేదు సార్. ఆ కాగితం మీ దగ్గరే ఉంది."

"అయితే పాతది తీసి, ఏదో దూది పెట్టి వదిలేయండి."

"పాతది గీకితే ఆ పొడీ ఆవిరీ ఈ గదిలోకే వస్తాయి. మీ తొమ్మిదో పేరా ఒప్పుకోదు."

"పోనీ బయట ఎక్కడైనా చేయించుకుంటాను."

"బయటి ధ్రువపత్రం చెల్లదని పన్నెండో పేరా. మీరే రాశారు."

"అయితే మొత్తం పన్నే తీసేయాలా?"

"మంచి పన్ను నేను పీకను సార్" అందావిడ. "ఈ రెండు నెలలుగా పీకినవి చాలు."

చివరికి ఆయన బతిమాలి, తన ఇష్టంతోనే అని రాసిచ్చి, పెన్షను సంగతి చెప్పుకున్నాక ఆవిడ సరేనంది. పనిముట్లు మరిగించేదాకా బయట బల్ల మీద కూర్చోమంది.

బల్ల మీద పక్కన పైడమ్మ అని ఒకావిడ కూర్చుని ఉంది. రైతుబజార్లో ఆకుకూరలు అమ్ముకునే మనిషి. చెంపకి తడిగుడ్డ అద్దుకుని ఉంది.

"మీకూ పన్నేనా బాబూ?" అని పలకరించింది.

"అవునమ్మా."

"నాకిది రెండోది. పోయిన నెల ఒకటి పీకేసినారు. సిన్న బొక్కేనంట, పూడిస్తే సరిపోనంట. పూడ్సే మందు మేడ మీద కాయితాల్లో ఉండిపోయిందంట. ఇప్పుడు దీనికీ అదే గతి. ముద్ద ఏ పక్కని నమలాలో నాకు తెల్డం లేదు." గుడ్డ తీసి మళ్ళీ తడిపి అద్దుకుంది. "ఎవుడు రాసినాడో గానీ ఆ రూలు, ఆడి పళ్ళు రాలిపోను!"

గవర్రాజు గారికి ఉత్తర్వు రాసేటప్పుడు సమస్తము, మినహాయింపు, ఆధీనము అన్నీ గుర్తొచ్చాయి గానీ, ఆకుకూరలు అమ్ముకునే మనిషి ముద్ద ఏ పక్కని నములుతుందో గుర్తు రాలేదు. ఆయనకి చాలా సిగ్గేసింది. లోపలికి పిలిచినప్పుడు, "ఆ పెద్దావిడ పన్ను ఇవాళ పీకకండి డాక్టరమ్మా. లవంగనూనె పెట్టి రెండు రోజులు ఆపండి. నేనేదో చేస్తాను" అన్నాడు. ఏం చేస్తాడో ఆయనకీ తెలీదు.

పన్ను తేలిగ్గా రాలేదు. ముప్ఫై నిమిషాలు పట్టింది. దానికి ఉత్తర్వు తెలీదు కదా, వేళ్ళన్నీ పట్టుకుని అక్కడే ఉంటానంది. వచ్చాక, పదకొండో పేరా ప్రకారం దాన్ని కాగితంలో చుట్టి డ్రమ్ములో వేశారు. భ్రమరాంబ గారు రసీదు రాసిచ్చింది: దంతము ఒకటి, స్థితి బాగున్నది.

ఏడో తారీకున తనిఖీ అధికారి పరమహంస గారు వచ్చారు. భారీ మనిషి, ప్రయాణం చేసి అలిసిపోయి ఉన్నాడు. చీకటి హాల్లో డైరెక్టరు గారు గీత గురించి అరగంట మాట్లాడేసరికి ఆయన నోరంతా తెరిచి ఆవులించాడు. కిటికీ పక్కనే కూర్చున్నాడేమో, లోపల రెండు దవడలా కలిపి అయిదు వెండిపూతలు తళుక్కుమన్నాయి. భ్రమరాంబ గారు లేవబోయింది. డైరెక్టరు గారు కంగారుగా కూర్చోమని సైగ చేశారు.

గవర్రాజు గారు వాచిన చెంప పట్టుకుని లేచాడు. మాట ముద్దగా వస్తోంది. "అయ్యా, తమరు పళ్ళు తీయించుకోలేదా?" అన్నాడు.

"ఎందుకు తీయించుకుంటానయ్యా? పది రోజుల కిందటే మీకు జవాబు రాశాం కదా. ఉన్న పూతలు కదపొద్దు, తెల్ల మందు వెంటనే కొనుక్కోండి, ఏ సంఘమూ అక్కర్లేదు అని. మీరు అడిగారనే రాశాం. అందలేదా?"

అందరూ ఎర్రయ్య వైపు చూశారు.

"వొచ్చిందండి" అన్నాడు ఎర్రయ్య, తలుపు దగ్గర్నుంచి. "విషయం పాదరసం అని పైనే రాసుందండి. పాదరసానికి సంబందించిన సమస్తమూ డ్రమ్ములో ఎయ్యమన్నారు కదండి. నాలుగు కవర్లొచ్చినాయి, నాలుగూ ఏసేసినానండి. సీలు కూడా ఏయించినాను."

తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. ఆ ఆఫీసులో పదకొండో పేరాని పూర్తిగా అమలు చేసినవాడు అతనొక్కడే.

డైరెక్టరు గారు ముందుగా తేరుకున్నారు. "డ్రమ్మునుండి వాటిని వెలికి తీయుటకు పెద్దాఫీసు వ్రాతపూర్వక అనుమతి కావలెను. తక్షణమే లేఖ రాద్దాం" అన్నారు.

"ఆ అనుమతి వచ్చినా, దాని మీద కూడా పాదరసం అనే ఉంటుంది సార్" అన్నాడు గవర్రాజు గారు.

అని, తనే నడుచుకుంటూ వెళ్ళాడు. నీలి డ్రమ్ము ముందు నిలబడి చుట్టూ చూశాడు. చేతికి ఏదీ దొరకలేదు. వెనక్కొచ్చి, ఇరవయ్యేళ్ళుగా గోడకి ఆనుకుని ఉన్న విరిగిన కుర్చీ కాలు ఊడదీసుకెళ్ళి, లక్కసీలు మీద నాలుగు దెబ్బలు వేశాడు. మూత లేచింది. పైనే ఉన్నాయి నాలుగు కవర్లు. వాటిమీద కాగితంలో చుట్టిన ఆయన పన్ను, వాటి కింద పసుపు గుడ్డ. పసుపు గుడ్డ తీసి భ్రమరాంబ గారి చేతిలో పెట్టాడు. ఆవిడ ఏదో అనబోయి, ఆయన చెంప చూసి మానేసింది.

ఎవరూ ఆయన్ని ఆపలేదు. ఆపే ధైర్యం ఉన్నవాళ్ళకి కారణం లేదు, కారణం ఉన్న డైరెక్టరు గారు ఆ ఆవులింతని తన నివేదికలో ఎలా రాయాలా అని తల పట్టుకుని కూర్చున్నారు. గవర్రాజు గారు నిలబడే ఒక తెల్లకాగితం తీసుకుని, "తెల్ల మందు ఈ రోజే కొనండి" అని రాసి సంతకం చేశాడు. పేరాలు లేవు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఆయన రాసిన అతి చిన్న ఉత్తర్వు అదే. అదొక్కటే ఎవరికైనా పనికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నానికి మందు వచ్చింది. దాన్ని వెలుగుతో గట్టిపరిచే నీలం దీపం కూడా వచ్చింది. మొదటగా పైడమ్మని కూర్చోబెట్టారు. అరగంటలో పని అయిపోయింది. బయటికొచ్చి నాలుకతో ఆ పన్నుని అటూ ఇటూ తడుముకుంటూ, బల్ల మీద కూర్చున్న గవర్రాజు గారిని గుర్తుపట్టింది.

"ఏటి బాబూ, మీదీ పూడ్సేసినారా?"

"నాది పీకేశారమ్మా."

"అయ్యో! మొన్న రాకుండా ఇయ్యేల వొచ్చుంటే దక్కును కదా."

"మొన్న నువ్వు ఒక మాట అన్నావు కదమ్మా, ఆ రూలు రాసినవాడి పళ్ళు రాలిపోవాలని."

"అన్నాను. అన్నమాటేను. ఏటి?"

"రాలిందమ్మా" అని నోరు తెరిచి, వేలితో పెదవి పక్కకి లాగి, కుడి దవడ కింద ఉన్న ఖాళీ చూపించాడు.

పైడమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. ఆ ఖాళీనీ చూసింది, దాని చుట్టూ వరసగా ఉన్న మిగతా పళ్ళనీ చూసింది. ఆవిడకి కోపం వచ్చిందో, జాలి వేసిందో ఆయనకి అర్థం కాలేదు. బుట్ట నెత్తికెత్తుకుని రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఒక్కటేనా బాబూ?" అంది.